సుద్ద గీత లోపల

పెళ్లయిన ఇరవై మూడో రోజు పొద్దున మా ఆయన చొక్కా బొత్తాం ఊడి మంచం కిందికి దొర్లిపోయింది. ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని చెరో పక్క నుంచీ వెతికాం. ముందు దొరికింది బొత్తాం కాదు, నాలుగు రోజుల కిందట పోయిన నా చెవి రింగు. ఆ సంతోషంలో ఇద్దరికీ పనికి వేళవుతోందన్న సంగతి మరిచిపోయి అక్కడే కాసేపు కబుర్లు చెప్పుకున్నాం. మంచం కింద కూడా ఇంత బాగుంటుందని నాకు అంతకుముందు తెలీదు.

బొత్తాం నా మోచేతి కిందే ఉంది.

"సూదీ దారం ఇవ్వు, రెండు నిమిషాల్లో కుట్టేస్తా" అన్నాను. నలుగురిలో మా ఆయన్ని మీరు అంటాను, మంచం కింద నువ్వు అంటాను. మొగుడి చొక్కాకి మొదటిసారి బొత్తాం కుట్టబోతున్నానని ఒకటే హుషారు. డిగ్రీ చదివి, ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేసుకునేదాన్ని, ఇంత చిన్నదానికి పొంగిపోకూడదని తెలుసు. అయినా పొంగిపోయాను.

మా ఆయన గొంతు తగ్గించాడు. "మనింట్లో సూది లేదు."

"టైలర్ ఇంట్లో సూది లేదా?"

"ష్, అమ్మ వింటుంది. సూదే కాదు, పిన్నీసు కూడా లేదు."

అతను వేరే చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు. నేను బొత్తాన్ని నా పర్సులో చిల్లర పక్కన దాచుకున్నాను.

మా మామయ్య నలభై ఏళ్లుగా టైలరు. వీధి వీధంతా ఆయన్ని మాస్టారు అంటారు. మా అత్తయ్య కూడా అలాగే పిలుస్తుంది, బట్ట ఇచ్చి తొందరపెట్టడానికి వచ్చిన మనిషిలాగా. "మాస్టారూ, టీ చల్లారిపోతోంది." "మాస్టారూ, చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకున్నారో చూసుకోండి." ఇంటి ముందు గదే కొట్టు. ఆయన కత్తిరించి మిషన్ మీద కుట్టేవారు. ఆవిడ ఎదురుగా పొట్టి స్టూలు మీద కూర్చుని కాజాలు తీసేది, బొత్తాలు కుట్టేది, అంచులకి చేతికుట్టు వేసేది. ఆవిడ తీసిన కాజాకి ముందేదో వెనకేదో తెలిసేది కాదని మామయ్య ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చెబుతారు.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, బల్ల మీద తెల్ల కోటు గుడ్డ పరిచి గీతలు గీస్తున్న మామయ్య ఒక్కసారిగా దాని మీదే రక్తం కక్కుకున్నారట. లివర్ గట్టిపడిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. చుక్క ముట్టిన మనిషి కాదు. ఏళ్ల తరబడి షుగరు, లివర్‌కి పట్టిన కొవ్వు, రెండూ కలిసి చాప కింద నీరులా చేసిన పని. పలకరించడానికి వచ్చినవాళ్లు "రోజుకి ఎంత పట్టించేవారు మాస్టారూ?" అని గుసగుసగా అడిగితే, "పన్నెండు, చిన్నవే" అంటారు మామయ్య. లోపలి నుంచి అత్తయ్య "టీలు! టీలు!" అని అరుస్తుంది.

అప్పుడు డిశ్చార్జి చేస్తూ అక్కడి కుర్ర డాక్టరు ఎవరో, ఈయన రక్తం సరిగా గడ్డకట్టదు, దెబ్బలు తగలనివ్వకండి, అన్నాడట. అత్తయ్య ఆ ఒక్క మాటని పట్టుకుంది. ఇంటికి రాగానే సూదులు, కత్తెరలు, పిన్నులు, బ్లేళ్లు, ఆఖరికి మిషన్‌కి ఉన్న సూదిని కూడా విప్పి, ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి ఎక్కడో పెట్టేసింది. ఎక్కడో ఎవరికీ తెలీదు. వంటింటి చాకు ఆవిడ పర్యవేక్షణలో బయటికొచ్చి, ఆవిడ పర్యవేక్షణలో లోపలికి వెళుతుంది. కోట్ల భుజాల్లో పెట్టే మెత్తల్ని తెచ్చి బల్లల మూలలకీ, మంచం కోళ్లకీ కట్టింది. మా ఇంట్లో బల్లలకి కూడా భుజాలుంటాయి. ఆ రోజు నుంచీ మామయ్య కుట్టలేదు, ఆవిడా కుట్టలేదు. పెళ్లిలో మా ఆయన వేసుకున్న కోటు దుకాణంలో కొన్నదే. ఫొటోల్లో మామయ్య కెమెరా వంక చూడరు, కొడుకు కోటు చేతుల వంక చూస్తుంటారు. అవి అరంగుళం పొడుగు.

నేను కాపురానికొచ్చిన రెండో రోజు పొద్దున్నే ఇంకో వింత చూశాను. కిటికీ దగ్గర మామయ్య చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నారు. అత్తయ్య గుడ్డల మీద గుర్తులు పెట్టే నీలం సుద్ద పట్టుకుని ఆయన చేతి మీద ఏదో గీస్తోంది. ఆవిడ ఆయనకే కొలతలు తీస్తోందేమో అనుకున్నాను.

"నిన్నటిది లోపలే ఉంది. ఇది కొత్తది. ఎక్కడ తగిలించుకున్నారు?"

"కలలో పరిగెత్తాను."

"కలలో అయినా చూసుకుని పరిగెత్తొద్దూ?"

ఆయన ఒంటి మీద కమిలిన మచ్చ కనిపిస్తే చాలు, ఆవిడ దాని చుట్టూ సుద్దతో గీత గీస్తుంది. మర్నాడు స్నానానికి ముందు చూస్తుంది. మచ్చ గీత లోపలే ఉంటే రక్తం ఆగినట్టు. గీత దాటితే ఆసుపత్రికి. రెండేళ్లుగా రోజూ ఇదే. ఆ తర్వాత మామయ్య టేపు తీసుకుని తన పొట్ట తనే కొలుచుకుని, నీరు ఎంత చేరిందో తెలియడానికి, అంకె గట్టిగా చెబుతారు. "ముప్పై తొమ్మిదిన్నర, లూజు ఫిట్టింగు!"

నేను చేసేది గడ్డకట్టే పరీక్షలే. నీలం మూత ట్యూబులు నా బల్ల మీదికొస్తాయి. వాటిని గిరగిరా తిప్పి, పైకి తేలిన పసుపు నీటికి మందు కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డ కడుతుందో మిషన్ చూస్తుంది. మనందరికీ పన్నెండు, పదమూడు. మామయ్యది పంతొమ్మిది. ఆ ట్యూబుల ట్రేతో నేను లిఫ్టులో ఇరుక్కుపోయిన రోజే మా ఆయన పరిచయం. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పై నుంచి "లోపల ఎంతమంది?" అని అరిచాడు. "నేనూ, నలభై మంది రక్తమూ" అన్నాను. నవ్వు వినిపించింది. తలుపు తెరుచుకోకముందే ఆ నవ్వు నాకు నచ్చేసింది. ఇలా ఒక్క విషయం చెప్పబోతే అతని దగ్గరికే పోతోంది మాట. నాకు తెలుసు. కొన్నాళ్లు క్షమించాలి.

బొత్తాం ఊడిన వారంలోనే మామయ్యకి ఆరు నెలలకోసారి తీసే స్కాన్. అందరం వెళ్లాం. లివర్ డాక్టరమ్మ ఫిల్ము చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుంది.

"పేగుల నుంచి లివర్‌కి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద సిర ఒకటుంటుంది. అందులో గడ్డ కట్టింది. సగం దారి మూసుకుంది. ఇప్పుడే మందు మొదలుపెడితే కరగొచ్చు, కనీసం పెరగకుండా ఆగొచ్చు. పూర్తిగా మూసుకుపోతే మాత్రం లివర్ మార్చే ఆపరేషన్ చాలా కష్టమవుతుంది. లివర్ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో మీ పేరు ఉంచడం నా చేతుల్లో ఉండకపోవచ్చు."

ఆ జాబితాలో పేరు ఎక్కడానికి మామయ్యకి పద్నాలుగు నెలలు పట్టింది. మా ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు గానీ, ఫోను మోగితే, లివర్ దొరికిందన్న కబురేమోనని నలుగురం ఒకేసారి దాని వంక తిరుగుతాం.

"ఏం మందు?" అంది అత్తయ్య.

"రక్తాన్ని పలచన చేసే ఇంజెక్షన్. రోజూ పొద్దున పొట్ట మీద."

అత్తయ్య మెల్లగా అంది. "రక్తం గడ్డకట్టదన్నది మీ ఆసుపత్రే. ఇప్పుడు గడ్డకట్టిందంటున్నదీ మీరే. ఉన్నదాన్ని ఇంకా పలచన చేస్తామంటున్నదీ మీరే. ఇందులో ఏ మాట నమ్మమంటారు డాక్టరమ్మా?"

"మూడూ నిజమేనమ్మా. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు లివరే తయారుచేస్తుంది. ఎక్కువ గడ్డకట్టకుండా ఆపేవి కూడా లివరే చేస్తుంది. జబ్బులో రెండూ తగ్గుతాయి. మా పరీక్షలో మొదటి రకమే కనిపిస్తుంది. అందుకని..."

అత్తయ్య లేచింది. "ఆ తెల్ల గుడ్డ ఉతికింది నేను. ఏడు నీళ్లకి కూడా పోలేదు. మాకు వద్దు." బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. మిగిలింది డాక్టరమ్మ మాకు చెప్పింది. ఆ రోజు మామయ్య కక్కింది రక్తం పలచనై కాదు, గట్టిపడిన లివర్‌లోంచి దారి లేక వెనక్కి తన్నిన ఒత్తిడికి అన్నవాహికలో ఉబ్బిన సిర చిట్లి. గడ్డ పెరిగితే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మందు వేసేముందు నోట్లోంచి గొట్టం దించి ఆ సిరల్ని చూస్తాం, పరవాలేదనుకుంటేనే మొదలుపెడతాం, అంది. మామయ్య అంతా విని, "మా ఆవిడ ఒప్పుకుంటే" అన్నారు. పదేళ్ల పిల్లాడిలా కనిపించారు నాకు.

గొట్టం పరీక్షకి అత్తయ్య ఒప్పుకుంది. అది చూడ్డమే కదా, ఏదీ పలచన చేయడం కాదు కదా, అంది. అంతా నిమ్మళంగానే ఉందని తేలింది. ఇంజెక్షన్ ఊసెత్తితే మాత్రం లేచి గిన్నెలు తోముతుంది. ఆ వారం మా గిన్నెలు ఎంత మెరిశాయంటే, మా ఆయన మూతలో మొహం చూసుకుని తల దువ్వుకున్నాడు.

ఎనిమిదో రోజు మామయ్య నన్ను ముందు గదిలోకి పిలిచారు. కుట్టుమిషన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు, గుర్రం మీద చెయ్యి వేసినట్టు.

"అమ్మాయ్, నీకు సూది వేయడం వచ్చా?"

"రక్తం తీయడం వచ్చు మామయ్యా. ఇది నర్సు చూపిస్తే వస్తుంది. అయితే అత్తయ్య..."

"ఆవిడకి భయం. భయం తగ్గేదాకా ఆగితే ఆ సిర ఆగేలా లేదు. నాకూ భయమే. మీ పెళ్లికి కోటు కుట్టలేదు. కనీసం మీ పిల్లలకి గౌన్లయినా కుట్టాలి."

నాకు సిగ్గొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తేల్చుకోలేక తలూపాను.

మర్నాడు ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. "మీ ఒంటికి మీ మాటే చాలు. అయినా ఇంట్లో చెప్పండి" అంది డాక్టరమ్మ. "చెబుతాను" అన్నారు మామయ్య, ఆదివారానికల్లా బట్టలిచ్చేస్తాను అనే టైలర్ గొంతుతో. నర్సు మా ఇద్దరికీ నేర్పింది. బొడ్డుకి రెండంగుళాల దూరంలో చర్మం పట్టుకుని మడత చేయాలి, సూది నిటారుగా దించాలి, తీశాక దూది ఊరికే ఆనించాలి. రుద్దకూడదు.

మందు పెట్టె మిషన్ సొరుగులో చేరింది. పొద్దున అత్తయ్య పాలకి వెళ్లి రావడానికి పన్నెండు నిమిషాలు. గేటు చప్పుడు కాగానే నేనూ మామయ్యా ముందు గదిలోకి దూరేవాళ్లం.

"ఆగు, వంకరగా ఉంది. నిటారుగా. ఆఁ, ఇప్పుడు దించు. మొదటి కుట్టుకి పరవాలేదు."

"నొప్పిగా ఉందా మామయ్యా?"

"నా మొదటి గిరాకీకి నేను గుచ్చిన పిన్ను కంటే నయం."

మా ఆయన గేటు దగ్గర కాపలా. అబద్ధం ఆడటం అతనికి బొత్తిగా రాదు. అత్తయ్య పాల గిన్నెతో వస్తుంటే ఈల వేసేవాడు. అసలు ఈల వేసే అలవాటు లేని మనిషి. "వీడికేమైందే?" అని ఆవిడ అడిగితే, "కొత్త కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ఈ ఇంట్లో నాకు మొదట చోటిచ్చింది ఆవిడే. తన బీరువాలో మధ్య అర ఖాళీ చేసి ఇచ్చింది. నేనేమో ఆవిడ వెనకాల సూదులు పట్టుకు తిరుగుతున్నాను.

ఏడో రోజు ఆవిడ తొందరగా వచ్చేసింది. ఈల వినగానే నేను గబగబా సూది లాగి, ల్యాబు అలవాటు కొద్దీ దూది పెట్టి గట్టిగా నొక్కి రుద్దేసి, చొక్కా దించేశాను. దొరకలేదు అనుకున్నాం.

కాసేపటికి కిటికీ దగ్గర సుద్ద పని. చేతులయ్యాయి, కాళ్లయ్యాయి. మామయ్య కంగారులో ఆ రోజు టేపు సంగతి మరిచిపోయారు.

"అంకె చెప్పలేదేం మాస్టారూ?" అంటూ అత్తయ్య తనే టేపు తీసుకుని ఆయన చొక్కా ఎత్తింది.

బొడ్డుకి కుడి పక్క నాలుగు, ఎడమ పక్క మూడు. పప్పుబద్దంత ఊదారంగు మచ్చలు. అత్తయ్య వాటిని వేలితో తాకకుండా లెక్కపెట్టింది.

"దెబ్బలు ఇలా వరసలో తగలవు" అంది.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఎడాలు సమంగా లేవు. చెయ్యి తిరగనివాళ్ల పని. నువ్వేనా?"

"నేనే అత్తయ్యా."

"వాడి ఈల ఇందుకా?"

"అందుకే."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మామయ్యని చూస్తూ, పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నంత నెమ్మదిగా అంది. "నలభై ఏళ్లు మీ ఎదురుగా కూర్చుని కాజాలు కుట్టాను. మీరు నా వెనక కుట్టించుకున్నారు."

మామయ్య తల దించుకున్నారు. అత్తయ్య కిందికి వంగి, ఏడు మచ్చల చుట్టూ ఏడు గీతలు గీసింది.

"రేపు పొద్దున చూస్తా. ఒక్కటి దాటినా ఆ పెట్టె తీసుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టొస్తా. నువ్వూ వస్తావు" అంది నాతో.

"వస్తాను."

ఆవిడ వంటింటి వైపు వెళుతుంటే మామయ్య పిలిచారు. "ఒక్కసారి ఇటు రా. డాక్టరమ్మ చెప్పింది నేను నీకు చెబుతా. నాకర్థమైన పద్ధతిలో." ఆయన మిషన్ మీది దుప్పటి తీశారు. రెండేళ్ల దుమ్ము కిటికీ వెలుగులో లేచింది. "దీనికి సూది కావాలి."

"నోటితో చెప్పండి."

"కుట్టు నోటితో చెబితే నీకెప్పుడైనా నచ్చిందా?"

అత్తయ్య గుమ్మంలో నిలబడింది. ఆవిడలోని కుట్టుపని తెలిసిన మనిషికీ భార్యకీ మధ్య కాస్త తగువు జరిగింది. ఆఖరికి లోపలికి వెళ్లి, పెద్ద పిండి డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, బిస్కెట్ల డబ్బా పైకి లాగింది. రెండేళ్లుగా ఈ ఇంట్లో అందరూ తిన్న రొట్టెలు ఆ సూదుల మీదివే. చేతులకి పిండితో వచ్చి, మిషన్‌కి సూది తనే బిగించింది. ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. దారం మాత్రం ఆయన ఎక్కించారు, కళ్లు మూసుకుని కూడా ఎక్కించగలరు.

"పై దారం బిగువు బాగా వదిలేశాను. చూశావా? ఇప్పుడు కింది దారం బాబిన్ మర కూడా అంతే వదిలేస్తున్నా." ఒక గుడ్డ పేలిక మీద జానెడు కుట్టు వేశారు. "ఎలా ఉంది?"

అత్తయ్య అటూ ఇటూ తిప్పి చూసింది. "సమంగానే పడింది. గట్టిగా లేదు."

"రెండూ ఒకే మోతాదులో వదులయ్యాయి కాబట్టి సమంగా పడింది. పై దారం ఒక్కటే చూసినవాడు, ఈ కుట్టు నిలవదు, ఊడిపోతుంది అంటాడు. గడ్డకట్టించేది పై దారం, కట్టకుండా ఆపేది కింది దారం అనుకో. అమ్మాయి ల్యాబులో పరీక్ష చూసేది ఆ పై దారాన్నే. అంతే కదమ్మా?"

"అంతే మామయ్యా." ఆరేళ్లుగా చేస్తున్న పరీక్షని ఒక్కరూ నాకిలా చెప్పలేదు.

"ఇప్పుడు చూడు." కింది మరని ఒక్క పిసరు తిప్పారు. ఈసారి కుట్టు అడుగున దారం పోగై, ఉండలా కట్టుకుపోయింది. "ఇదీ ఆ సిరలో జరిగింది. మామూలు మనిషికి ఈ పిసరు తేడా లెక్కే కాదు. నాకు మాత్రం అటు తిరిగితే ఊడుతుంది, ఇటు తిరిగితే ఉండకడుతుంది. ఇంతకాలం ఊడుతుందనే భయపడ్డాం. ఉండ సంగతి ఎవరం చూడలేదు."

అత్తయ్య ఆ ఉండని గోటితో గీకింది. చాలాసేపు.

"మరి ఆ రోజు కక్కింది?"

నేను ఒత్తిడి సంగతి చెప్పాను. గడ్డ పెరిగితే అలాంటి రోజే మళ్లీ రావచ్చని కూడా చెప్పాను.

"ఇది అప్పుడే చెప్పొద్దూ?"

"డాక్టరమ్మ చెబుతుంటే మీరు లేచి వెళ్లిపోయారు అత్తయ్యా."

"వెనకాల వచ్చి చెప్పాలి. కాళ్లున్నాయిగా? సూది పట్టుకుని ఆయన వెనక తిరిగినదానివి, మాట పట్టుకుని నా వెనక తిరగలేకపోయావా?"

నేను కింద పడ్డ దారం ముక్కలు ఏరసాగాను.

"కుట్టు సంగతి అర్థమైంది" అంది ఆవిడ, పేలిక మడిచి కొంగులో దోపుకుంటూ. "ఒంటి సంగతి రేపు చూద్దాం."

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర నలుగురం చేరాం. మా ఆయన ఈల వేయబోయి మానుకున్నాడు. అత్తయ్య చొక్కా ఎత్తింది. కుడి పక్కవి నాలుగూ గీత లోపలే. ఎడమ పక్కవి రెండు లోపలే, అంచులు పసుపు తిరుగుతున్నాయి. ఏడోది గీత దాటింది. ఎక్కువ కాదు, గోటి అంచంత. కానీ దాటింది.

మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. జాబితా, ఫోను, ఆయన కుడతానన్న గౌన్లు, అన్నీ ఆ గోటి అంచు మీదే ఉన్నాయి.

అత్తయ్య మాత్రం లేవలేదు. ఇంకా దగ్గరికి వంగింది, కాజా చూసినట్టు. "మిగతా ఆరూ ఒక తీరు. ఇదొక్కటే వేరు. ఇది ఏ రోజుది?"

"నిన్నటిది."

"నిన్న ఏం చేశావు, మిగతా రోజులు చేయనిది?"

అబద్ధం చెబుదామని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. "రుద్దాను అత్తయ్యా. మీరొస్తున్నారని కంగారులో. రుద్దొద్దని నర్సు మరీ మరీ చెప్పింది."

"హమ్మయ్య" అంది ఆవిడ. నేను విన్నది నిజమేనా అని చూశాను. "అయితే తప్పు మందుది కాదు, చేతిది. మందుదైతే ఏడూ దాటేవి." సుద్ద కిందపెట్టి, చేతులు కడుక్కొచ్చి, నా ముందు చెయ్యి చాపింది. "ఏదీ, ఆ పెట్టె ఇటు తే. ఎలాగో చూపించు. ఒక్కసారే చూపించు."

చూపించాను. ఆవిడ ముందుగా సుద్దతో ఒక చుక్క పెట్టింది, పాత మచ్చలకి సమదూరంలో. ఆ చుక్క పక్కనే చర్మాన్ని దూదితో తుడిచి, రెండు వేళ్లతో మడత పట్టి, సూది దించి, నెమ్మదిగా మందు పంపి, నిటారుగా తీసింది. దూది ఆనించి, గోడ గడియారం చూస్తూ నిలబడింది.

"కానియ్ మరి" అన్నారు మామయ్య.

"అయిపోయింది."

"అబద్ధం."

"మీ కోడలిలా కనిపించేట్టు కుట్టే అలవాటు నాకు లేదు."

మర్నాడు ఆ చోట మచ్చే పడలేదు. ఆవిడ ఆ విషయం నాకు రెండుసార్లు, పాలవాడికి ఒకసారి చెప్పింది.

అదే సాయంత్రం నేను ల్యాబు నుంచి వచ్చేసరికి మా మంచం మీద సూదీ దారం పెట్టి ఉన్నాయి. నేను పర్సులోంచి బొత్తాం తీసి, మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎంతో ముద్దుగా కుట్టాను. అత్తయ్య అటుగా వెళుతూ ఒక్క చూపు చూసి, చొక్కా లాక్కుని, పుటుక్కున తెంపేసింది. "ఇది బొత్తాం కుట్టడమా, ముడేసి వదిలేయడమా? బొత్తాం కింద దారం చుట్టి కాండంలా నిలబెట్టాలి. మళ్లీ కుట్టు." మూడుసార్లు తెంపింది. నాలుగోసారి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. కాలేజీలో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా నేను అంత ఎగరలేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్. ఈసారి అత్తయ్య డాక్టరమ్మ ఎదుటి కుర్చీలో ముందే కూర్చుంది, ఎంతసేపయినా లేవనన్నట్టు బ్యాగు ఒళ్లో పెట్టుకుని. డాక్టరమ్మ పాత ఫిల్ము, కొత్త ఫిల్ము పక్కపక్కన పెట్టింది. సగం మూసిన గడ్డ ఇప్పుడు గోడకి అంటుకున్న సన్నటి చారలా ఉంది. దారి తెరుచుకుంది. లివర్ బాగుపడలేదు, దానంతటది బాగుపడదు కూడా. కానీ పేరు జాబితాలోనే ఉంటుంది. మందు కొనసాగించాలి.

"ఇంజెక్షన్లు ఎవరు వేస్తున్నారు? ఒక్క మచ్చ లేదు" అంది డాక్టరమ్మ.

"మా ఇంట్లో కాజాలావిడ" అన్నారు మామయ్య.

ఫోను ఇంకా మోగలేదు. మోగినప్పుడు నలుగురం ఇప్పటికీ దాని వంకే చూస్తాం. ఈలోగా మామయ్య పొద్దున గంట, సాయంత్రం గంట బల్ల దగ్గర నిలబడుతున్నారు. కత్తెర పట్టుకున్నంతసేపూ అత్తయ్య పక్కన ఉంటుంది. బల్లల భుజాలు మాత్రం తీయనివ్వలేదు. మొదట కుడుతున్నది మా ఆయన కోటు. దుకాణంలో కొన్నదాన్ని విప్పి చేతులు సరిచేయడం తనకి అవమానమట, కొత్తదే కుడతారట.

నిన్న ఆదివారం ఫిట్టింగు. మా ఆయన సగం కోటుతో చేతులు చాపి నిలబడ్డాడు. ఒక చేతికి గుడ్డ ఉంది, ఇంకో చేతికి లేదు. నాకు ఎంత అందంగా కనిపించాడో రాస్తే మీరు నవ్వుతారు. మామయ్య మణికట్టు దగ్గర గుర్తు పెట్టబోయి సుద్ద కోసం వెతికారు. అత్తయ్య కిటికీ దగ్గర నుంచి తెచ్చి ఇచ్చింది. అరిగి అరిగి గోరంత మిగిలింది ఆ నీలం సుద్ద.

"అంతా నా ఒంటికే పూసేశావు. కోటుకి ఏం మిగిలింది?" అన్నారు ఆయన.

"ఆ మిగిలింది చాలు" అంది అత్తయ్య. "చెయ్యి అరంగుళం తగ్గించండి."